గిర్నిలో అరిగిన పిడి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు గిర్ని కాక చెప్పాడు. జహీరాబాద్‌లో ఆమె దుకాణానికి రెండు షట్టర్ల అవతల ఆయన పిండి గిర్ని ఉంది. "బిడ్డా, అక్క లేదు. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నది. గట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. ఆయన వెనకాల గిర్ని ఆడుతున్న చప్పుడు ఫోన్‌లో వినిపిస్తూ ఉంది. అక్కా అక్కా అని తిరిగిన మనిషి, ఆమె పోయిన పూట కూడా గిర్ని ఆపలేదా అని లోపల చురుక్కుమంది. నేను అడగకముందే ఆయనే చెప్పాడు. "బంద్ జేద్దామనే అనుకున్న బిడ్డా. నీ బెల్టు ఉన్నది గద దీని మీద. ఒక్క దినం గూడ ఆపొద్దని అక్క నాతోని మాట తీసుకున్నది."

ఆ బెల్టు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. స్మరణ కూడికలో నాలుగు మాటలు మాట్లాడమని నా చేతికి మైకు ఇచ్చారు. నిలబడ్డాను గానీ మైకు పక్కవాళ్లకు ఇచ్చేసి కూర్చున్నాను. మిగతావాళ్లు ఆమె ప్రార్థన గురించి, ఆమె పెట్టే చెయ్యి గురించి చెప్పారు. అవన్నీ నిజమే. కానీ ఆ చేతులకు తెలిసిన విద్య గురించి ఒక్కరూ అనలేదు. చివరిసారి ఆ విద్య అక్కరకొచ్చింది నాకే కాబట్టి, చెప్పాల్సిందీ నేనే.

హైదరాబాద్ నుంచి ముంబయి పోయే రోడ్డు మీద, లారీలు ఆగే చోట ఆమె దుకాణం. మోటార్ల బెల్టులు, రేడియేటర్ గొట్టాలు, ట్రాక్టర్ పెడల్ రబ్బర్లు అమ్మేది. మామయ్య పోయాక షట్టర్ తనే ఎత్తితే, ఆడమనిషి ఈ నల్ల సామానుతో ఎన్నాళ్లు వేగుతుందని బజారంతా అనుకుందట. అనుకున్నవాళ్లలో సగం మంది తర్వాత ఆమె దగ్గరే బెల్టులు కొన్నారు.

బెల్టు మీద నంబరు అచ్చేసి ఉంటుంది. కొత్తది కావాలంటే ఆ నంబరు చెబితే చాలు. కానీ తెగేదాకా నడిచిన బెల్టు మీద నంబరు ఎక్కడ మిగులుతుంది? రైతులు తెగిన ముక్కను సంచీలో వేసుకొచ్చి బల్ల మీద పడేసేవాళ్లు. ఆమె దాన్ని ఎడమ చేతిలోకి తీసుకుని వంచేది. పక్క అంచు మీద గోరుతో గీసేది. ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆ తర్వాత "చెరుకు మిషిన్ది" అనో, "అల్లం కడిగే మోటర్ది, నీళ్లు తాగింది" అనో చెప్పి, వెనక మేకుకు వేలాడుతున్న వాటిలోంచి సరైనది తీసి ఇచ్చేది. ఒకాయన పొలం మోటారు బెల్టు తెగిందని తెస్తే వాసన చూసి, "మిర్చి గిర్నిది దెచ్చి పొలం మోటరుకు ఎందుకేసినవయ్యా? గందుకే తెగింది" అంది. ఆయన నెత్తి గోక్కుంటూ, అది బామ్మర్ది ఊరికే ఇచ్చిన బెల్టని ఒప్పుకున్నాడు.

"నంబరు పోతే ఏమాయె, వస్తువు చేతిల ఉన్నది గద" అనేది తరచూ. ఆదివారం చర్చికి వెళ్లే ముందు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునేది. అయినా ఆమె పాటల పుస్తకానికి రబ్బరు వాసన పోయేది కాదు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.

ఇక నా పని సంగతి. సినిమాల్లో నటులు చేత్తో పట్టుకునే వస్తువులు తయారు చేస్తాను. కత్తులు, తుపాకులు, పాతకాలం టెలిఫోన్లు, లేని గ్రహాల మీద వాడే ఆయుధాలు. చాలాకాలం వేరేవాళ్ల కింద చేశాను. నా సొంత పేరు మీద మొదటిసారి వచ్చిన పని ఒక ఆయుధం పిడి.

మా చిన్నప్పటి కంటే ముందు తీసిన ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా ఉంది. అందులో ఎర్ర గ్రహం అంటే మరేమీ కాదు, జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి వైపు పోతుంటే కనిపించే ఎర్రమట్టి బయలే. హీరో చేతిలో టార్చిలైటులాంటి ఒక ఆయుధం ఉంటుంది. ఇప్పుడు ఆ సినిమాకు రెండో భాగం తీస్తున్నారు. అప్పటి హీరోనే, ఇప్పుడు ముసలాయన, ఒక పెట్టె తెరిచి ఆ ఆయుధాన్ని బయటికి తీస్తాడు. వెంటనే పాత సినిమాలోని సీను వస్తుంది. రెండూ పక్కపక్కన పడతాయి కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. అసలు ఆయుధం తాలూకు ఇనుప గొట్టం స్టూడియో గోదాములో దొరికింది. చేత్తో పట్టుకునే పిడి మాత్రం ఎప్పుడో ఊడిపోయింది. గట్టిపడిన జిగురు గీతలు ఏడు మిగిలాయి. గొట్టమూ, హీరో ఆ ఆయుధం పట్టుకుని ఉన్న కొన్ని పాత ఫోటోలూ నాకిచ్చి, "మీ వల్ల కాకపోతే ముందే చెప్పండి, ముంబయికి పంపిస్తాను" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్. ఆ మాటకు నాకు మండింది. నా వల్లే అవుతుందన్నాను.

ఫోటోను పెద్దది చేశాను. కంప్యూటర్‌లో మచ్చలు, గరుకు తుడిచి శుభ్రం చేశాను. అచ్చు తయారు చేసి, నల్ల రబ్బరు పోసి, పొలం గట్లలా ఏడు గట్లున్న పిడి తీశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆర్ట్ డైరెక్టర్ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుంది. కానీ ఇది అది కాదు" అన్నాడు. తేడా ఏమిటంటే చెప్పలేకపోయాడు. "పిల్లల బొమ్మలా ఉంది" అన్నాడు చివరికి. మర్నాడు పొద్దున్నే గొట్టమూ ఫోటోలూ తీసుకుని జహీరాబాద్ బస్సెక్కాను.

షుగర్ వల్ల అప్పటికే అత్తమ్మ చూపు బాగా మందగించింది. ఫోటోను కళ్లకు ఆనించుకున్నట్టు పెట్టుకుని చూసి, నాకే తిరిగిచ్చింది.

"నాకు నల్లగ ఏందో కనపడుతున్నది, అంతే. నువ్వు జెప్పు. చూసినట్టు కాదు, చెయ్యి పెట్టి తడిమినట్టు జెప్పు."

"ఏడు గట్లున్నయి అత్తమ్మా. నిలువుగ."

"గట్టు పైన ఎంత, కింద ఎంత?"

అన్ని రోజులు ఆ ఫోటోతో కాపురం చేసి కూడా నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. "కింద వెడల్పు, పైన సన్నం. పక్కలు ఏటవాలుగ ఉన్నయి" అన్నాను.

"నున్నగనా, గరుకా?"

"గరుకు లెక్క కనపడుతది గానీ, అది ఫోటో గరుకు. పాతది గద. నేను కంప్యూటర్ల సాఫ్ జేసిన."

"హీరో మొఖం గూడ గట్లనే గరుకున్నదా?"

మళ్లీ చూశాను. "లేదు."

"ఆయన అంగి?"

"లేదు."

"మరి పిడి మీద ఒక్కతానే ఫోటో ఎట్ల గరుకైతదే?"

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. వారాల తరబడి నేను శ్రద్ధగా తుడిచింది ఫోటోలోని లోపాన్ని కాదు, అసలు వస్తువునే. ఆమె లోపలికెళ్లి ఒక బెల్టు తెచ్చి నా ఒళ్లో వేసింది. రబ్బరు మీద సన్నని గుడ్డ చుట్టి ఉంది. వేలితో రాస్తే ఆ నేత తగిలింది. పక్కలు ఏటవాలుగా ఉన్నాయి, ఒక ముఖం వెడల్పు, ఒక ముఖం సన్నం. ఆమె పారేసిన ముక్కల డబ్బాలోంచి అదే సైజు బెల్టు ముక్కలు ఏడు కోయించి, వెడల్పు ముఖం గొట్టానికి ఆనించి నిలువుగా పేర్పించింది. ఏడూ ఒకదాన్నొకటి తాకి సరిగ్గా సరిపోయాయి, జిగురు గీతల మీద.

"గట్ల నడుమ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది.

"తెల్లగ చుక్కలున్నయి. గ్రహం మీది దుమ్మని పౌడర్ జల్లినట్టున్నరు."

"ఎర్రమట్టిల షూటింగు జేసి, తెల్ల దుమ్ము ఎందుకు జల్లుతరే?" అంది. ముక్కల డబ్బా మూత పెడుతూ, "అది పిండి బిడ్డా. గిర్ని బెల్టు గది. షూటింగుల పిడి ఊడినట్టుంది, దగ్గర్ల ఏ గిర్ని ఉంటే దాంట్ల కెల్లి ముక్కలు కోసుకపోయిన్రు" అంది.

నా ఒళ్లు పులకరించింది. "మన దుకాణంల బెల్టేనేమో? మీరే అమ్మిన్రేమో?" అన్నాను ఆశగా. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "ఏమో. అప్పుడు మీ మామ కూసునేటోడు. తెలవనిది తెలిసినట్టు జెప్పకు."

బెల్టు ఏమిటో తెలిసింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. కొత్త బెల్టు తీసుకుపోయి, ఉప్పు కాగితంతో రుద్ది, పిండి అద్ది, పాతదానిలా చేసి వారానికి మళ్లీ తెచ్చాను. అత్తమ్మ అంచు మీద గోరు ఆనించింది. ఒక్కసారే.

"ఎవరు గీకిన్రు దీన్ని?"

"నేనే."

"కాగితంతో గీకితే నూలు తెగుతది. చక్రం మీద ఉరికితే నూలు తెగదు, అణిగి మెరుస్తది. తెగింది వేరు, అణిగింది వేరు" అంది. నా వారం రోజుల శ్రమను తీసి చెత్త డబ్బాలో పడేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడనట్టే ఊరుకుని, చాయ్ సాసరులో పోసి నా వైపు జరిపింది.

పాత బెల్టు ఎక్కడైనా దొరకదా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను, చుట్టుపక్కలంతా తిరిగాను. దొరికేవన్నీ తెగేదాకా నడిపి పారేసినవే, నూలు పోగులుగా వేలాడేవి. మాకు కావలసింది సగం అరిగినది. అలాంటి బెల్టును ఎవరూ గిర్ని మీది నుంచి దించరు. అందుకే అత్తమ్మ గిర్ని కాకను పిలిచింది. ఆయన మోటారుకు రెండు బెల్టులు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే కుదరదని రెండూ కొత్తవే ఇచ్చి, "గోడ దిక్కుది నా కోడలిది, ఇటుది నీది" అని పంచింది. నలభై అయిదు దినాలు నడవాలంది. షూటింగుకు యాభై దినాలుంది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం గిర్ని ఆపాక, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి బెల్టును తడిమి వచ్చేది. తర్వాత నాకు ఫోన్ చేసేది. తిన్నవా, ఎట్లున్నవ్ అన్న మాటలుండేవి కావు. "ఇయ్యాల అంచు మెరుపొచ్చింది." "పిండి ఇంక లోపటికి పోలే, జొన్నలు తక్కువొస్తున్నయి." అంతే, పెట్టేసేది. ఆ ఫోన్ల కోసం నేను ఎదురుచూసేదాన్ని. అవి ఆగిపోయాక ఎలా ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

ఆమె పోయేనాటికి ఇంకా పద్నాలుగు దినాలు మిగిలి ఉన్నాయి. మట్టి చేసి వచ్చిన మూడో రోజు ఆర్ట్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. హీరో తేదీలు మారాయట, పెట్టె సీను నాలుగు రోజుల్లో తీస్తారట. నేను నేరుగా గిర్నికి వెళ్లి బెల్టు దించమన్నాను. కాక స్విచ్చు మీద చెయ్యి కూడా పెట్టలేదు.

"అక్క జెప్పిన దినం దాంక దించ బిడ్డా."

"అక్క లేదు గద కాకా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"లేదు గనుకనే" అన్నాడు. "ఉంటే నువ్వు అడుగుదువు, ఆమె సరే అంటే దించుదును. ఇప్పుడు ఎవర్ని అడగాలె?"

బెల్టు మీద వేలు పెట్టి చూసే ధైర్యం కూడా లేకపోయింది. తర్వాత బయటికొచ్చి ఆర్ట్ డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. పదకొండు రోజుల ముందు ఇవ్వలేనని చెప్పాను. "ఇంతకుముందు చేసింది ఉంది కదా, దాంతో కానిచ్చేస్తాం. ఎవరు చూస్తారండీ అంత?" అన్నాడు. "మా అత్త చూసింది" అన్నాను. "ఆమెకు కళ్లు కూడా సరిగా కనిపించేవి కావు. అయినా చూసింది. మీరు మిగతా సీన్లన్నీ ముందు తీసుకోండి, పెట్టె సీను చివర పెట్టుకోండి." అంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను. "పన్నెండో రోజు పొద్దున రాకపోతే ముంబయికి ఫోన్ చేస్తాను. మీతో ఇక పని ఉండదు" అన్నాడు. సరే అన్నాను.

ఆ పదకొండు రోజులూ అత్తమ్మ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తేదాన్ని, సాయంత్రం గిర్నికి వెళ్లేదాన్ని. బేరానికి వచ్చినవాళ్లను పంపించలేక బెల్టులు వంచి చూడ్డం మొదలుపెట్టాను. రాయికోడ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తెగిన ముక్క ఇస్తే, వంచాను, గీశాను, వాసన కూడా చూశాను, ఘనంగా ఒక కొత్త బెల్టు తీసిచ్చాను. మర్నాడే తిరిగొచ్చాడు. "పడతలేదు బిడ్డా. జర మీ అత్తకు ఫోన్ జేసి అడుగు" అన్నాడు. ఆమె పోయిందని చెప్పాను. ఆయన గడప బయటికి వెళ్లి చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చాడు. కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం కూర్చుని మేకుల మీది బెల్టులన్నీ ఒక్కొక్కటే ఆ ముక్కకు ఆనించి చూశాం. దొరికింది. నేనిచ్చినదానికీ దానికీ ఉన్న తేడా నా బొటనవేలికి అప్పుడు తెలిసింది.

చెప్పిన దినం వచ్చింది. కాక గిర్ని ఆపి, తువ్వాలతో చేతులు తుడుచుకుని, గోడ వైపు బెల్టు దించి నా చేతుల్లో పెట్టాడు. వీపు మీద పసుపు రంగు మైనంతో గీతలున్నాయి. టైర్ల మీద గుర్తు పెట్టే మైనం అది, అత్తమ్మ సంచీలో ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. "ఆఖరు సారి వచ్చిననాడు పెట్టింది. ఎక్కడెక్కడ కొయ్యాల్నో నీకు తెలవాలె అన్నది" అన్నాడు కాక. ఒక్కో ముక్కకు ఒక్కో గీత. లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.

ఏడో గీత కాకకే కనిపించింది. అది ఆయన బెల్టు మీద ఉంది. పక్కపక్కన ఉన్న రెండు బెల్టుల్లో ఏది ఏదో ఆ మసక చూపుకు తెలియక, ఒకసారి చెయ్యి జారి ఇటు పడింది. ఎవరి బెల్టులోనూ తప్పు పోని మనిషి, నా కోసం తొందరపడి ఒక్కచోట తప్పింది. కాక కత్తి తీసి, "గిది గూడ కోసుకో, నేను ఇంకోటి ఏసుకుంట" అన్నాడు.

వద్దన్నాను. అక్కడే పిండి బస్తా మీద కూర్చుని, కళ్లు మూసుకుని నా బెల్టును చేతుల్లో తిప్పాను. మొదట ఆరు గీతల దగ్గరా ఆగి, ఆమె ఎందుకు అక్కడ గీసిందో వేళ్లతో విన్నాను. అంచు జారుతోంది, నూలు అణిగి ఉంది, నేత సందుల్లో పిండి గట్టిపడి ఉంది. తర్వాత గీత లేని మేర అంతా అంగుళం అంగుళం తడిమాను. ఒకచోట పొడిగా తగిలింది. ఒకచోట సన్నని పగులు. ఇంకోచోట గోరు ఆనిస్తే ఆగకుండా జారింది. అక్కడ వేలు పెట్టి కళ్లు తెరిచాను. "గిదే కాకా" అన్నాను. ఆయన ముట్టుకుని చూసి తలూపాడు.

రాత్రికి రాత్రే ఏడు ముక్కలూ కోసి గొట్టానికి అతికించాను. పన్నెండో రోజు పొద్దున ఆయుధం సెట్లో ఉంది. ఆర్ట్ డైరెక్టర్ పట్టుకుని చూశాడు, జాగ్రత్తగా పెట్టెలో పెట్టించాడు. హీరో వచ్చి పెట్టె తెరిచి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం డైలాగు మర్చిపోయి, అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. అరచేతి మీద తెల్లగా పిండి అంటుకుంది.

"అప్పట్లో కూడా ఇంతే" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. "రోజంతా చేతికి తెల్లగా అయ్యేది. బట్టలకు అంటుతోందని డైరెక్టర్ గారు తిట్టేవారు. ఏమిటో ఎప్పుడూ అర్థం కాలేదు."

"జొన్నపిండి సార్" అన్నాను నేను వెనక నుంచి. ఎవరు చెప్పారని ఆయన అడిగాడు. "మా అత్త" అన్నాను, అప్పుడు ఏడుపొచ్చింది. చనిపోయిన రోజు రానిది, మట్టి చేసిన రోజు రానిది, అంతమంది ముందు వచ్చింది.

దుకాణం మూసెయ్యలేదు. వారంలో మూడు రోజులు నేను వెళ్లి కూర్చుంటున్నాను. తప్పులు పోతున్నాయి, తగ్గుతున్నాయి. గిర్ని కాక ఇప్పటికీ అత్తమ్మ ఏడో గీత పడిన తన ఒక్క బెల్టు మీదే నడిపిస్తున్నాడు. మోటారు మీద బరువు పడకుండా కొంచెం కొంచెం పోస్తాడు. పని ఆలస్యమవుతోందని జనం గొణుగుతారు. కొత్త జత ఇస్తానంటే తీసుకోడు. మొన్న వెళ్లినప్పుడు జొన్నలు పట్టిస్తున్నాడు. బెల్టు తిరుగుతుంటే ఆ పసుపు గీత పైకి వచ్చి, చక్రం వెనక్కి పోయి, మళ్లీ పైకి వస్తోంది. గీత ఇంకా చెరగలేదు.